పటం పదిహేడు చూడండి

నేను ఒక టేపు రికార్డరును. ఒక సంగతి ముందే చెప్పేస్తాను, తరవాత మీరు అడగనక్కర్లేదు. నా పొట్టలో పడ్డ మాట ఒక్కటి కూడా ఇంతవరకూ పాడవలేదు. మనుషులు నిన్న అన్న మాట ఇవాళ అనలేదంటారు. నా దగ్గర ఆ పప్పులు ఉడకవు. దగ్గితే దగ్గు, తుమ్మితే తుమ్ము, గుక్క తిప్పుకున్న చోట గుక్క. నాలాంటి నిజాయితీపరుడు ఈ విశ్వవిద్యాలయంలో అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

పుట్టింది హైదరాబాదులో, ఓ రేకుల షెడ్డులో. పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని స్క్రూలు బిగిస్తూ సినిమా కథలు చెప్పుకునేవారు. కథ సగంలో ఉండగానే నాకు మూత బిగించేశారు. ఆ హీరోయిను చివరికి బతికిందో లేదో నాకిప్పటికీ తెలియదు. నన్ను మొదట కొన్నది ఒక హరికథా భాగవతారు. తన కథను తనే పట్టి, తనే విని, తనే ఏడ్చేవాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఒక్కరి కన్నూ తడవకపోయినా ఆయనకు లోటుండేది కాదు. ఆయన దగ్గర్నుంచి ఎన్నికల జీపెక్కాను. నలభై ఊళ్లలో ఒకే వాగ్దానం, ఒకే గొంతు. అభ్యర్థిగారు ఓడిపోయారు. మర్నాడే నన్ను విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి దానమిచ్చి, పక్కన నిలబడి ఫోటో దిగారు. గెలిచి ఉంటే ఇచ్చేవారో లేదో చెప్పలేను.

గ్రంథాలయంలో నాకు ఒక మూలగది ఇచ్చారు. పైకప్పు ఎంత ఎత్తంటే, ఎవరైనా నాలుగడుగులు వేస్తే ఎనిమిది వినిపించేవి. మధ్యాహ్నాలు పాత కాయితాల వాసన ఫ్యాను కింద కునికిపాట్లు పడుతుండేది. కిటికీ అవతల సముద్రం ఉందనేవారు. నా స్క్రూలన్నీ తుప్పు పట్టాయి కాబట్టి ఉండే ఉంటుంది. ఆ కునుకులో నేనూ తేలిపోయేవాణ్ని. భాగవతారు పాడిన పద్యం ఒకటి, ఎన్నికల జీపు హారను ఒకటి, స్క్రూలు బిగించిన ఆడవాళ్ల నవ్వు ఒకటి, పొట్టలో ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని తిరిగేవి.

గ్రంథాలయాధికారి భానుమూర్తి గారు మంచి మనిషి. చాలా మంచి మనిషి అని కూడా అనవచ్చు, కాస్త ఆగి అంటాను. చూపులేని విద్యార్థులు గడపదాకా వచ్చి ఉత్తచేతులతో తిరిగిపోతున్నారని ఆయనకు బాధ. తెలుగు శాఖవారిని, చరిత్ర శాఖవారిని, హాస్టళ్ల పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి, అందరూ కలిసి పుస్తకాలు చదివి టేపుల మీదికి ఎక్కించాలని ఏర్పాటు చేశారు. దానికి ‘గొంతు చందా’ అని పేరు పెట్టారు. పేరు నాకూ నచ్చింది.

చందా ఇద్దామని పిల్లలు వరస కట్టారు. భానుమూర్తి గారు ఒక్కొక్కరి చేతా ఒక పేజీ చదివించేవారు. కర్నూలు నుంచి వచ్చిన షంషాద్ అనే అమ్మాయి గడగడా చదివేసింది.

“ఏం సార్, తప్పేమన్నా చదివితినా?”

“తప్పు కాదమ్మా, చక్కగా చదివావు. కానీ యాస... పుస్తకానికంటూ ఒక మర్యాద ఉంటుంది కదా.”

“మర్యాదగానే చదివితి కదా సార్!”

అయినా పంపించేశారు. సిద్దిపేట అబ్బాయిని పంపించేశారు, పాలకొండ అబ్బాయిని పంపించేశారు. అలా ఇరవై ముగ్గురిని పంపించాక చివరికి ఒక్క గొంతు మిగిలింది. అది ఆయనదే. అందరికోసం తలుపు తీద్దామని బయల్దేరిన పెద్దమనిషి ఆ తలుపులో తనే అడ్డంగా నిలబడ్డాడు. ఆ సంగతి మాత్రం ఆయనకు తెలియలేదు.

ఆ గదికి రోజూ వచ్చేవాడు ఎలీషా. పుట్టుకతోనే చూపు లేదు. చరిత్ర ఎమ్మే. అన్నీ పాసయ్యాడు, ఒక్క పేపరు మిగిలింది. దేవాలయ శిల్పం. రెండుసార్లు తప్పాడు. ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే పట్టా పోతుంది, హాస్టలు గది పోతుంది, పార్వతీపురం అవతల వాళ్లూరు వెళ్లి ఇంట్లో గోడకానుకుని కూర్చోవాలి. ఆ మాట వాడు నవ్వుతూ చెప్పేవాడు.

ఆ పేపరుకు చదవవలసిన పుస్తకంలో ఎనభై నాలుగు పటాలు. భానుమూర్తి గారు పుస్తకానికి ఎంత విధేయులంటే, అచ్చువేసినవారి చిరునామాతో సహా చదివారు. చదువుతూ చదువుతూ ఒకచోట గంభీరంగా అన్నారు: “ఈ స్త్రీమూర్తి త్రిభంగి రమణీయము. పటం పదిహేడు చూడండి.”

పక్కనే కూర్చుని వింటున్న ఎలీషా చెయ్యెత్తాడు.

“సారూ, సూడమంతన్నారు. ఎలాగ సూడమంతారు?”

ఈ మాటలు టేపులో పడకూడదని భానుమూర్తి గారు నన్ను ఆపేశారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

“పుస్తకంలో అలా ఉంది నాయనా. ఉన్నది ఉన్నట్టు చదవాలి కదా.”

“ఇప్పటికి పదేడుసార్లు సూడమన్నారు సారూ. ఇంకా అరవయ్యేడుసార్లు సూడాల నేను.”

బల్లలు తుడిచే దాలమ్మ అక్కడే ఉంది. ఆవిడది విశ్వవిద్యాలయం పక్క ఊరే. మూడో తరగతిలో బడి మానేసి, ఇరవై ఏళ్లుగా ఈ పుస్తకాల దుమ్ము దులుపుతోంది. పిడత మూతి మీద పళ్లెం పెట్టినట్టు ఎప్పుడూ నోరు మూసుకునే మనిషి, ఆ రోజు ఎందుకో ఆగలేకపోయింది. గాజులు బల్లకు తగిలాయి. పుస్తకం మీదికి వంగినట్టుంది.

సరిగ్గా అప్పుడే, ఎవరూ నన్ను ముట్టుకోకుండానే, నా రికార్డు బటను నేనే నొక్కుకున్నాను. నమ్మండి. ఒక్కొక్కప్పుడు యంత్రానికి కూడా రోషం వస్తుంది.

“ఒక గుంటపిల్ల ఉన్నాది బావూ,” అంది దాలమ్మ. “ఒంటికాలి మీద నిలబడ్డాది. రెండో కాలు మోకాలి మీదికెట్టి, అరికాల్లో ముల్లు తీసుకుంటన్నాది.”

“ముకం ఎలగున్నాది పిన్నీ?”

“నవ్వుతన్నాది. అంటే ముల్లు ఒచ్చేసినట్టే. రానప్పుడైతే పెదవి కొరుక్కుంటాం కదేటి.”

“పడిపోదేటి మరి, ఒంటికాలి మీద?”

“పడదు. నడుం ఇటేపు ఒంపింది, బుజం అటేపు ఒంపింది, తల మళ్లీ ఇటేపు. నువ్వు లేసి నిలబడు, సూపిత్తాను. ఆ... బుజం వొదిలేయ్. ఒక చెయ్యి ఇలాగ కొమ్మ పట్టుకున్నట్టు నా చెయ్యి పట్టుకో.”

కుర్చీ జరిగింది. చెప్పు ఒకటి ఊడి కింద పడింది. కాసేపటికి ఎలీషా గొంతు వినిపించింది, పైనుంచి, కొత్తగా.

“సారూ! త్రిబంగి అంటే ఇదా! రెండేళ్లు బట్టీ పట్టినాను సారూ, ఇదా అది!”

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నాకు కళ్లు లేవన్న సంగతే నాకు తెలియదు. ఆ క్షణాన మొట్టమొదటిసారి నేను కూడా ఒక ఆడపిల్లను చూశాను. రాతితో చేసినది, ఒంటికాలి మీద, నవ్వుతూ.

భానుమూర్తి గారు మాత్రం “ఆ మాటలు టేపులో ఉండకూడదు దాలమ్మా, పరీక్ష రాసే కుర్రాడు ఇవే నేర్చుకుంటే ఎలా” అన్నారు. దాలమ్మ “సిత్తం బాబూ” అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది. ఆయన ఆ టేపును చెరపలేదు.

ఎలీషా దాన్ని రోజుకు పదిసార్లు పెట్టుకునేవాడు. దాలమ్మ గొంతును పదిసార్లు పలికించేది నేనే కదా, నాకు కాస్త గర్వం కూడా ఎక్కింది. ఇక్కడ చిన్న విషయం. మొదట్లో ఒక మాట అన్నాను, నా పొట్టలో పడ్డ మాట పాడవలేదని. అది కోత. పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా ఆ టేపును నమిలేశాను. సేమ్యాలాగ బయటికి వచ్చింది. అదొక్కటే కాదు, ఎన్నికలప్పుడు అభ్యర్థిగారి వాగ్దానాన్ని కూడా ఒక ఊళ్లో నమిలేశాను. నలభై ఊళ్లలో చప్పట్లు కొట్టింది ఆ ఒక్క ఊరివాళ్లే.

ఎలీషా కోపగించుకోలేదు. చేతిలో ఆ టేపు ముద్ద పట్టుకుని భానుమూర్తి గారి ముందు నిలబడ్డాడు.

“పోతే పోయింది సారూ. ఎనబై నాలుగూ పిన్ని సేతే సెప్పించండి. లేపోతే ఇంటికెల్లిపోతాను, ఇప్పుడే.”

ఆయనకు మాట్లాడడానికి గొంతు కూడా లేదు, మూడు నెలలుగా ఒక్కరే చదివి చదివి బొంగురుపోయింది. కుర్చీ వెనక్కి నెట్టి, చెప్పులు టపటపలాడిస్తూ హాస్టళ్ల వైపు వెళ్లారు. ఎవరెవరిని పంపించేశారో ఆ గదుల తలుపులన్నీ ఆయనే తట్టారట.

సాయంత్రానికి మూలగది నిండిపోయింది. అందరికంటే ముందు షంషాద్ అందుకుంది.

“సార్, యాస అట్లనే ఉంది. పోలేదు ఇంకా.”

“పోనివ్వకమ్మా,” అన్నారు ఆయన బొంగురుగా.

పనికి ఒక పద్ధతి కుదిరింది. ఒకరు చదివేవారు. ‘పటం చూడండి’ దగ్గర ఆగేవారు. దాలమ్మ చూసి చెప్పేది. ఎలీషా లేచి ఆ భంగిమలో నిలబడేవాడు. తప్పయితే నలుగురు చేతులు వేసి సరిదిద్దేవారు. ఒకే పటాన్ని ఒకరు చూసినట్టు ఇంకొకరు చూసేవారు కాదు. ముప్పై రెండో పటంలో ఏనుగు దగ్గర పెద్ద పేచీ వచ్చింది.

“గా ఏనుగు కోపంల ఉన్నది, తొండం లేపింది చూడున్రి!” అన్నాడు సిద్దిపేట అబ్బాయి.

“కోపం కాదు నాయినా,” అంది దాలమ్మ, “చెవులు సూడు, వాలిపోయున్నాయి. దానికి దాహమేస్తన్నాది.”

పుస్తకంలో అది యుద్ధగజమని రాసి ఉంది. చివరకు మూడు మాటలూ టేపులోకి ఎక్కించారు, ఏది సరైనదో ఎలీషానే తేల్చుకోమన్నారు. మధ్యాహ్నాలు నేను కునుకు తీస్తే ఆ ఏనుగు వచ్చేది. నా పొట్టలో ముల్లు తీసుకుంటున్న పిల్ల కాలు దించి, దానికి నీళ్లు పెట్టేది. కర్నూలు మాట, సిద్దిపేట మాట, పాలకొండ మాట రాతిస్తంభాల మధ్య మెల్లగా తిరుగుతుండేవి.

ఎనిమిదో రోజుకు ఎనభై నాలుగూ అయ్యాయి. కేసెట్ల మీద భానుమూర్తి గారు కాయితం ముక్కలు అంటించారు. షంషాద్ అందులో మొదటిదాన్ని దాలమ్మకు చదివి వినిపించింది: “చదివినది, షంషాద్. చూసినది, దాలమ్మ.”

“ఓలమ్మో, సూసినందుక్కూడా పేరేత్తారేటి!” అని దాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో, మరేదో.

పరీక్షనాడు జరిగింది నేను వినలేదు. ఎలీషా చెబుతుంటే రాసిపెట్టడానికి వెళ్లిన కుర్రవాడు వచ్చి చెప్పాడు. స్త్రీమూర్తులలో త్రిభంగిని వివరించమని ప్రశ్న వచ్చిందట. ఎలీషా జవాబు చెప్పకుండా లేచి, చెప్పు విడిచి, ఒంటికాలి మీద నిలబడ్డాడట. కాపలా ఉన్న మాస్టారు కంగారుగా వచ్చారు.

“ఏమయ్యా, ఏమిటా వేషం?”

“బొమ్మ సూత్తన్నాను సార్. ఒక్క నిమిషం.”

తరవాత కూర్చుని ఆపకుండా మూడు పేజీలు చెప్పాడట. పాసయ్యాడు. ఆ ఏడాదే పరిశోధనలో చేరాడు. హాస్టలు గది కూడా అదే గది.

ఇప్పుడు నన్ను అద్దాల బీరువాలో పెట్టారు. టేపుల్లోని గొంతులన్నీ కంప్యూటర్లోకి వెళ్లిపోయాయి. ఎక్కడెక్కడి విశ్వవిద్యాలయాల పిల్లలో వాటిని వింటున్నారట. దాహమేసిన ఏనుగు కూడా దేశాలు తిరుగుతోందన్నమాట. నాకు కరెంటు లేదు, పని లేదు, కునుకు మాత్రం ఉంది.

పోయేముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి. ఆ రోజు బటను నాకు నేనే నొక్కుకున్నానని చెప్పాను. యంత్రానికి రోషమేమిటి, మీరు నమ్మడమేమిటి! నొక్కింది భానుమూర్తి గారు. దాలమ్మ నోరు తెరవగానే, పక్కనుంచి ఒక వేలు చప్పుడు కాకుండా వచ్చి, నా మీద ఆనింది. టక్కుమన్న చప్పుడు ఎవరికీ వినపడకూడదని ఆయన గట్టిగా దగ్గారు కూడా. ఆ దగ్గు టేపులో ఉండేది. ఆ టేపును నమిలేసింది నేనే కాబట్టి, ఇప్పుడిక నా మాట తప్ప వేరే సాక్ష్యం లేదు.