పదకొండో అధ్యాయం

చెవుల్లో ఒక పుస్తకం, కంప్యూటర్ తెర మీద ఇంకొకటి, ఒళ్ళో అచ్చు పుస్తకం మూడోది. పొద్దున పదిన్నరకే మొగిలి మూడింటినీ నడిపిస్తున్నాడు. చెవుల్లో ఒక ఆడగొంతు రెండింతల వేగంతో గుత్తివంకాయ కూర వండేస్తోంది. తెర మీద ఎవరో మహానుభావుడి జీవితచరిత్ర పైకి జరిగిపోతోంది. ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని మాత్రం అతను ఆ పొద్దున తెరవలేదు. పది రోజులుగా దాన్ని సంచిలో తెస్తున్నాడు, సంచిలో తీసుకుపోతున్నాడు.

గచ్చిబౌలిలో ఒక ఆఫీసు ఆరో అంతస్తులో అతని పని పుస్తకాలు వినడం. తెలుగు పుస్తకాలను ఎవరో చదివి రికార్డు చేస్తారు. చదివింది అచ్చుతో సరిపోయిందో లేదో మొదటి నుంచి చివరి దాకా విని, ‘పూర్తిగా విన్నాను’ అనే గడిలో టిక్కు పెట్టాలి. రోజుకు నాలుగు పుస్తకాలు. ఒక్కొక్కటి ఆరు గంటలకు తక్కువ ఉండదు. ఇవన్నీ తొమ్మిది గంటల ఉద్యోగంలో ఎలా పడతాయని పైవాళ్ళు అడగలేదు, మొగిలీ అడగలేదు. మొదట్లో వేగం పెంచాడు. తర్వాత ఒకటి వింటూ ఇంకొకటి చూడటం అలవాటు చేసుకున్నాడు. చివరికి ఒక్కో అధ్యాయంలో మొదటి నిమిషం, ఆఖరి నిమిషం విని టిక్కు పెట్టే స్థితికి వచ్చాడు.

యాభై రెండేళ్ళ మనిషి. సన్నటి మెడ, హెడ్‌ఫోన్ ఒరుసుకుని నల్లబడ్డ చెవులు, మెడలో కంపెనీ కార్డు పట్టీ. ఇక్కడికి రాకముందు ఇరవై రెండేళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ఒక్క దీర్ఘం జారిపోయినా పట్టుకునేవాడు. పుస్తకం బైండింగుకు పోయాక తప్పు కనిపిస్తే ఆ పూట అన్నం సహించేది కాదు. ఆ మొగిలికీ ఈ మొగిలికీ ముఖపరిచయం కూడా ఉన్నట్టు లేదు.

ఆ పొద్దున ప్రగతి నగర్‌లోని ఇంట్లో టిఫిన్ డబ్బా కడుతూ భార్య కిష్టమ్మ పక్కింటామెతో అంది.

“మా ఆయన చదివినన్ని బుక్కులు ఈ గల్లీల ఎవరు చదవలే అక్కా. దినాం నాలుగు! దేవుడిచ్చిన నౌకరి.”

మొగిలి డబ్బా అందుకుని మెట్లు దిగాడు. బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాడు.

పది రోజుల కిందట ఆఫీసుకు ఒక ఫోను వచ్చింది. తన పుస్తకం విన్నాయనతో మాట్లాడాలని ఎవరో ముసలావిడ అడుగుతోందని మొగిలికి కలిపారు. ఆమె పేరు ప్రిస్కిల్లా. కోస్తా వైపు ఆసుపత్రుల్లో ముప్పై ఐదేళ్ళు నర్సుగా చేసి, కూతురితో నార్సింగిలో ఉంటోంది. తన ఉద్యోగ జీవితాన్ని పద్దెనిమిది అధ్యాయాలుగా రాసి, సొంతంగా అచ్చు వేయించుకుంది. అచ్చయ్యేసరికి చక్కెర జబ్బు ఆమె చూపు తినేసింది. ఆ పుస్తకం ఇప్పుడు ఆడియోగా వచ్చింది.

“చాలా బాగా చదివించారండి. ఒక్కటే సందేహం బాబూ. పది అయ్యాక పన్నెండు వస్తోందండి. నా చెవులదే తప్పేమోనని మూడుసార్లు పెట్టించుకున్నాను.”

పద్దెనిమిది ఫైళ్ళు ఉన్నాయని లెక్క చూసి టిక్కు పెట్టినవాడు మొగిలే. అందులో ఒకటి ముందుమాట. పదకొండో అధ్యాయం వాటిలో చేరలేదు, తను విననూ లేదు. కిందటి నెలే ఇలాంటి తప్పుకు ఇద్దరిని ఇంటికి పంపారు. ఆ భయంలో నోటికొచ్చింది అనేశాడు.

“మా పెద్దోళ్ళు చూసి తీసేసిన్రమ్మా.”

ఆవిడ నెమ్మదిగా అంది.

“అంతేనాండి. నేనూ అనుకున్నాను, అలాంటిది నలుగురూ వినేదాంట్లో ఉండకూడదని. మంచిపనే చేశారు. ఉంటానండి.”

ఆ మధ్యాహ్నం మొగిలి ఆఫీసులో ఉన్న ఆమె అచ్చు పుస్తకం తీసి పదకొండో అధ్యాయం చదివి, దాన్ని సంచిలో వేసుకున్నాడు. ఆమెకు ఇరవై మూడేళ్ళప్పటి సంగతి. పగటి డ్యూటీలో కూర్చుని ఆమె వారపత్రికలో సీరియల్ చదువుకుంటోంది. కాన్పు గదిలోంచి ఒక అమ్మాయి మూడుసార్లు ‘సిస్టర్’ అని పిలిచింది. పేజీ అయ్యేదాకా ఆమె మూడుసార్లూ ‘వస్తున్నా’ అంది. వెళ్ళేసరికి బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది, బతకలేదు. డాక్టరు ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ అధ్యాయం చివర ఇలా రాసుకుంది: ‘ఆ తల్లి పేరు వాసంతి. ఈ పేరు ఎవరైనా ఒక్కసారి పైకి చదవాలనే ఈ పుస్తకమంతా రాశాను.’

చదివిన మనిషికి తల దించుకోవడం తప్ప ఏమీ తోచలేదు. అయినా తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. నెల నెలా జీతం గుర్తొచ్చేది, ఆ ఇద్దరి ఖాళీ కుర్చీలు కనిపించేవి. సిగ్గు కంటే భయమే గెలుస్తూ వచ్చింది.

కిష్టమ్మ మాట విన్నాక మాత్రం సంచిలోని ఆ పుస్తకం అతన్ని ఉండనివ్వలేదు. పదకొండు గంటలకు మొగిలి హెడ్‌ఫోన్ తీసేసి టీం లీడ్ రోహిణి దగ్గరికి వెళ్ళాడు. ఆమెకు ముప్పై కూడా ఉండవు.

“ఈ బుక్కుల పదకొండో అధ్యాయం కలవలే మేడం, నేను వినలే. వినకుంటనే టిక్కు పెట్టిన. రాసినామెకు అబద్ధం గూడ చెప్పిన.”

రోహిణి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

“మీరొక్కరే అనుకుంటున్నరా సర్? రికార్డింగ్ ఫోల్డర్‌లోనే ఉంటది, కలిపేయండి. పైవాళ్ళకు మెయిల్ మాత్రం పెట్టకండి, ప్లీజ్.”

నిజంగానే ఫైలు అక్కడే ఉంది. కలపడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఎనిమిది నిమిషాల పనికి పది రోజులు దాక్కున్నందుకు మొగిలికి తన మీద తనకే రోత పుట్టింది.

తర్వాత మిగతా పుస్తకాలన్నీ ఆపి, ఆ అధ్యాయాన్ని మామూలు వేగంతో విన్నాడు. ముప్పై ఒక్క నిమిషాలు. వాసంతి పేరు దగ్గర చదువుతున్న అమ్మాయి గొంతు కొద్దిగా ఆగింది. మొగిలి కళ్ళు తుడుచుకుని, గడిలో టిక్కు పెట్టాడు.

ప్రిస్కిల్లా నంబరుకు నాలుగుసార్లు చేశాడు. స్విచాఫ్. పుస్తకం చివరి పేజీలో చిరునామా ఉంది. సాయంత్రం షేర్ ఆటోలో నార్సింగి వెళ్ళాడు. ఫోనులో ఆ అధ్యాయం సిద్ధంగా పెట్టుకున్నాడు. ముందు కాళ్ళమీద పడాలా, ముందు వినిపించాలా అన్నది దారి పొడుగునా తేలలేదు.

రెండో అంతస్తు గుమ్మం ముందు అద్దె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కూతురు సెలీనా తలుపు తీసింది. తను ఎవరో మొగిలి చెప్పాడు.

“మంగళవారం పోయిందండి అమ్మ. నిద్రలోనే. లోపలికి రండి.”

ఈ రోజు శుక్రవారం. మొగిలి మనసులోనే వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. సోమవారం వచ్చినా ఆమె అందేది.

హాల్లో గోడవారన అట్టపెట్టె నిండా ఆ పుస్తకాలే ఉన్నాయి. సెలీనా ఒకటి తీసి అతనికి ఇచ్చింది.

“ప్రార్థనకి వచ్చినవాళ్ళకి ఇస్తున్నామండి. మీరు ఫోన్లో చెప్పాక అమ్మ నన్ను కూర్చోబెట్టి, అన్నిట్లోంచీ ఆ పదకొండోది బ్లేడుతో తీయించింది. పెద్దవాళ్ళే వద్దన్నాక మనకెందుకే అంది. రెండు రోజులు పట్టిందండి నాకు. కాగితాలు కూడా తగలబెట్టించింది.”

మొగిలి పుస్తకం విప్పాడు. పది తర్వాత పన్నెండు. మధ్యలో కుట్టు దగ్గర కోసిన ఎనిమిది కాగితాల అంచులు వేలికి తగిలాయి.

“ఎవరు తీసెయ్యమన్లే బిడ్డా.” అతనే మళ్ళీ అన్నాడు. “ఎవరు తీసెయ్యమన్లే. అది కలవలేదు, నేను విననేలే. నౌకరి పోతదని అబద్ధం చెప్పిన.”

సెలీనా అతని ముఖంలోకి చూసింది. కోపంతో అరిచినా బాగుండేది.

“అమ్మకి చెప్పాల్సిందండి,” అంది. అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫోను జేబులోనే ఉండిపోయింది. మొగిలి తన సంచిలోంచి పది రోజులుగా మోస్తున్న పుస్తకాన్ని తీసి పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాడు. చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

సెలీనా మంచినీళ్ళ గ్లాసుతో హాల్లోకి వచ్చేసరికి ఎవరూ లేరు. పెట్టెలో పైనున్న ఆ ఒక్క పుస్తకం మిగతావాటికంటే ఎనిమిది కాగితాలు లావుగా ఉంది.