కౌన్సిల్ టైర్లు

పదకొండింటికి రమ్మన్నారు. ఒంటిగంట దాటినా లోపలికి పిలవలేదు. ఇంగ్లండులో కౌన్సిలంటే మన మునిసిపాలిటీ లాంటిదే. ఆ ఆఫీసు మొదటి అంతస్తు వరండాలో చెక్క బెంచీ మీద మొగిలయ్య పెళ్ళినాటి కోటు తొడుక్కుని కూర్చున్నాడు. ఆ కోటు పొట్ట దగ్గర బొత్తాం పెట్టనిచ్చే కాలం ఎప్పుడో పోయింది. పక్కన భార్య బాలమణి, రాత్రంతా నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ చేసి యూనిఫాం మీదనే వచ్చి, గోడకు తల ఆనించి కునుకు తీస్తోంది. ఎదురుగా, వాళ్ళకు తోడు వచ్చిన విద్యాసాగర్ ఫోన్లో తన ఆఫీసు వాళ్ళతో ఏదో సాఫ్ట్‌వేర్ తంటా గురించి మాట్లాడుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

లోపల ముగ్గురు కౌన్సిలర్లు తేల్చవలసింది ఒక్కటే. మొగిలయ్య మెడలో ఉన్న ప్లాస్టిక్ బ్యాడ్జి ఉండాలా, పోవాలా. ఉంటే ఆ ఊళ్ళో టాక్సీ నడుపుకుని బతకొచ్చు. పోతే చుట్టుపక్కల ఏ కౌన్సిలూ అతనికి మళ్ళీ ఇవ్వదు. వచ్చిన కొత్తలో శాండ్‌విచ్ ఫ్యాక్టరీ చలిగదిలో నిలబడి నడుము పాడుచేసుకున్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషికి ఇక స్టీరింగ్ పట్టడం తప్ప వేరే దారి లేదు.

విద్యాసాగర్ ఫోను జేబులో పెట్టుకుని వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

“చూడు మొగిలయ్యా, లోపల నువ్వు నోరు విప్పొద్దు. వాళ్ళేమడిగినా నా వంక చూడు, నేను చెప్పుకుంటాను. నువ్వు తల దించుకుని సారీ అంటే చాలు. రెణ్ణెల్లు సస్పెండ్ చేసి వదిలేస్తారు. ఆ రెణ్ణెల్లూ మీ ఇంటి అద్దె సంగతి నేను చూసుకుంటాలే.”

“మీ దయ సార్,” అన్నాడు మొగిలయ్య. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆఫీసు గడప ఒంటరిగా తొక్కకూడదన్నది అతనికి తండ్రి నుంచి వచ్చిన బుద్ధి. జనగామ పక్క పల్లెలో తండ్రి పట్టా పాసుబుక్కు కోసమైనా, రేషన్ కార్డు కోసమైనా ఎవరో ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకునే తహసీల్ ఆఫీసుకు వెళ్ళేవాడు. పెద్దమనిషి కుర్చీలో కూర్చుని మాట్లాడేవాడు, తండ్రి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు. పని ఎవరిదో, మాట ఎవరిదో తండ్రి ఎన్నడూ ఆలోచించలేదు. సముద్రాలు దాటి వచ్చిన కొడుకు కూడా ఆలోచించలేదు. కౌన్సిల్ వాళ్ళు దుబాసీని ఇస్తామని చెప్పినా వద్దని, మా సారు వస్తారని గర్వంగా చెప్పి వచ్చాడు.

విద్యాసాగర్ తెనాలి వైపు మనిషి. నార్తాంప్టన్‌లో నాలుగు గదుల ఇల్లు, పెద్ద కంపెనీలో ఉద్యోగం, తెలుగు సంఘానికి కార్యదర్శి. ఉగాదికి వేదిక మీద శ్రమజీవుల గురించి మాట్లాడితే చప్పట్లు ఆగవు. ఆయన పక్క వ్యాపకం ఆరు టాక్సీలు. అవి ఆయన భార్య కళావతి పుట్టింటి పేరు మీద పెట్టిన కంపెనీవి. బాలమణి నర్సు ఉద్యోగం మీద ఈ దేశం వచ్చి, ఆమె వెనక వచ్చిన మొగిలయ్య పనిలేక తిరుగుతుంటే, బ్యాడ్జికి దరఖాస్తు పెట్టించి, ఫీజు కట్టి, కారు చేతిలో పెట్టింది ఆయనే. కారు అద్దె వారానికి నూట నలభై పౌండ్లు. పెట్రోలు పోను మొగిలయ్యకు మిగిలేది అంతకు కొంచెం ఎక్కువ, వారం బాగోకపోతే కొంచెం తక్కువ. అయినా సార్‌ను దేవుడి పటం పక్కన పెట్టినంత పని చేసేవాడు.

ఇక్కడ టాక్సీలను కౌన్సిల్ వాళ్ళు ఊరికే వదలరు. ఏడాదికి రెండుసార్లు ప్రతి కారునూ తమ గ్యారేజీకి రప్పించి బ్రేకులు, దీపాలు, టైర్లు పరీక్షిస్తారు. విద్యాసాగర్ ఆరు కార్లూ ఒకే మోడల్‌వి కొనడంలోని తెలివి అక్కడే ఉంది. ఆయన ఇంటి వెనక షెడ్డులో నాలుగు కొత్త టైర్లు ఉండేవి. ఏ కారు పరీక్ష వస్తే ఆ కారుకు శనివారం వాటిని బిగించడం, పరీక్ష అయ్యాక విప్పేసి పాతవి మళ్ళీ తగిలించడం. డ్రైవర్లు వాటికి కౌన్సిల్ టైర్లని పేరు పెట్టి నవ్వుకునేవాళ్ళు. ఇన్‌స్పెక్టర్ పాపం ఏడాదంతా కార్ల కింద వంగి అవే నాలుగు టైర్లను మెచ్చుకుని, స్టిక్కర్లు అంటించి పంపేవాడు.

ఆ బిగించడాలు, విప్పడాలు ఎక్కువగా మొగిలయ్యవే. జనగామలో ఆర్టీసీకి అద్దె బస్సు నడిపిన మనిషి, జాకీ పట్టడం అలవాటున్న చెయ్యి. పని కాగానే కళావతి మేడం పులిహోర, పెరుగన్నం పెట్టేది. తిని, చేతులు కడుక్కుని, అరిగిపోయిన టైర్ల మీద బండి నడుపుకుంటూ ఇంటికి పోయేవాడు. తప్పని తెలియదా అంటే తెలుసు. పెద్దవాళ్ళు చేసే తప్పు తప్పులా కనబడదు, అదే చిక్కు.

అక్టోబరు వానలు మొదలయ్యాక మాత్రం భయం పట్టుకుంది. వెనక టైర్ల లోపలి తీగలు కనబడుతున్నాయని సార్‌కు ఒకసారి చెప్పాడు, మళ్ళీ చెప్పాడు, మూడోసారి ఇంటికి వెళ్ళి చెప్పాడు. వచ్చే నెల చూద్దామన్నాడు విద్యాసాగర్. ఆ వచ్చే నెలలోనే, ఆసుపత్రి దగ్గర రౌండబౌట్ కూడలిలో బ్రేకు తొక్కితే కారు ఆగలేదు. జారుకుంటూ పోయి ఇనుప కంచెను గుద్దుకుంది.

ముందు సీట్లో ఉన్నది మిసెస్ పామర్, ఎనభై దాటిన ముసలమ్మ. కళ్ళ చికిత్సకు వారం వారం అతని కారే కావాలని అడిగి ఎక్కేది. ఆమె పిల్లుల కబుర్లు, చనిపోయిన మొగుడి కబుర్లు వింటూనే మొగిలయ్య ఈ దేశపు ఇంగ్లీషు నేర్చుకున్నాడు. మాట్లాడటం తడబాటే గాని, వింటే అర్థం కానిది చాలా తక్కువ. ఆ ముసలమ్మకు తుంటి ఎముక విరిగింది. ఇక సొంత ఇంటికి తిరిగి వెళ్ళే వీల్లేదని డాక్టర్లు తేల్చేశారు. పిల్లుల్ని ఎవరో తీసుకుపోయారు.

మూడోరోజు అతను యాపిల్ పళ్ళు, బ్రెడ్డు, హార్లిక్స్ డబ్బా పట్టుకుని వార్డుకు వెళ్ళాడు. దెబ్బ తగిలిన మనిషిని చూడకుండా ఎట్లా ఉంటారు? మంచం పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని తల నిమిరింది. అప్పుడే వచ్చిన ఆమె కూతురు అది చూసి మండిపడింది. నిందితుడు ఆసుపత్రికి వచ్చి మా అమ్మ మీద ఒత్తిడి తెచ్చాడని కౌన్సిల్‌కు ఫిర్యాదు రాసింది. పోలీసు కేసులో జరిమానా, లైసెన్సు మీద ఆరు తప్పు పాయింట్లు పడ్డాయి. ఇప్పుడు ఈ విచారణ.

రెండు కావస్తుండగా పిలుపు వచ్చింది. పొడవాటి బల్ల వెనక మధ్యలో తెల్లజుట్టు అధ్యక్షురాలు, అటొకరు ఇటొకరు కౌన్సిలర్లు, చివర లాయరు. విద్యాసాగర్ తనను తాను తెలుగు సంఘం కార్యదర్శిగా పరిచయం చేసుకున్నాడు. ఈ మనిషికి భాష సరిగా రాదని, సాటి మనిషిగా సాయం వచ్చానని చెప్పాడు. అధ్యక్షురాలు ఆయనకు కృతజ్ఞతలు చెప్పింది. కంపెనీ కాగితాల్లో ఉన్న ఆడపేరుకూ ఈయనకూ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. బాలమణి వెనక కుర్చీలో కూర్చుంది.

టైర్లు అరిగిన సంగతి డ్రైవరుకు ముందే తెలుసా అన్నది మొదటి ప్రశ్న. విద్యాసాగర్ మొగిలయ్య వైపు తిరిగి, భయపడకుండా తలూపమన్నాడు. మొగిలయ్య తలూపాడు. తెలుసునంటున్నాడని విద్యాసాగర్ చెప్పాడు. అందులో అబద్ధం లేదు గనక మొగిలయ్య ఊరుకున్నాడు.

మరి కారు యజమానికి చెప్పాడా అని అడిగింది అధ్యక్షురాలు. ఈసారి విద్యాసాగర్ అతని వైపు తిరగనైనా లేదు. చెప్పలేదనీ, పని పోతుందని భయపడి దాచాడనీ, ఎంతో విచారించే గొంతుతో జవాబిచ్చాడు. ఇదేదో సార్ ఎత్తుగడ అయి ఉంటుందని మొగిలయ్య తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. బ్యాడ్జికి ఫీజు కట్టిన మనిషి, అన్నం పెట్టిన ఇల్లు. కోటు అంచు నలుపుకుంటూ తల దించుకున్నాడు.

అప్పుడు అధ్యక్షురాలు ఆసుపత్రి సంగతి ఎత్తింది. ఆ ముసలామె దగ్గరికి ఎందుకు వెళ్ళాడో అతని మాటల్లోనే వినాలనుందని మొగిలయ్య కళ్ళలోకి చూస్తూ అడిగింది.

విద్యాసాగర్ గొంతు సవరించుకున్నాడు. “తప్పు చేసిన మనిషి కదా మేడం. ఫిర్యాదు పెట్టొద్దని ఆమెను బతిమాలుకోవడానికి వెళ్ళాడు. ఇప్పుడు సిగ్గుపడుతున్నాడు,” అని ఇంగ్లీషులో చక్కగా చెప్పాడు.

మొగిలయ్యకు ఒళ్ళు మండింది. టైర్ల తప్పు తన మీద వేసినా పడ్డాడు, దాచాడంటే పడ్డాడు. కాని ఆ మంచం పక్కన ఏడ్చిన ఏడుపు తనది. దాన్ని కూడా ఈయన అమ్ముకుంటున్నాడు. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు.

“కూర్చో, మొత్తం చెడగొడతావు,” అన్నాడు విద్యాసాగర్ పెదవులు కదపకుండా.

“సార్, మీరు జర ఆగుండ్రి. నా మాట నేను జెప్పుకుంట.”

బల్ల వైపు తిరిగాడు. ముసలమ్మ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషునే కూడదీసుకున్నాడు. ముక్కలు ముక్కలుగానే చెప్పాడు. “దిస్ మ్యాన్ ఓనర్, మేడం. కంపెనీ వైఫ్ నేమ్. ఐ టెల్ హిమ్ టైర్ బ్యాడ్. త్రీ టైమ్ ఐ టెల్.” మిసెస్ పామర్ తనకు తల్లి లాంటిదని, అందుకే చూడబోయానని, ఫిర్యాదు ఊసే ఎత్తలేదని చెప్పాడు. అంతటితో ఆపితే సరిపోయేదేమో. ఆపలేకపోయాడు. షెడ్డు గురించి, శనివారాల గురించి, ఆరు కార్లు మోసిన నాలుగు టైర్ల గురించి చెప్పాడు.

లాయరు కలం ఆపి, టైర్లు మార్చింది ఎవరని అడిగాడు.

“ఐ చేంజ్,” అన్నాడు మొగిలయ్య, రెండు చేతులూ ముందుకు చాపి. “దిస్ హ్యాండ్.” ఆ మాటతో ఏం పోతుందో అతనికి తెలుసు. వెనక కూర్చున్న బాలమణికీ తెలుసు. ఆమె కళ్ళు మూసుకుంది.

అందరినీ బయటికి పంపి, కాసేపటికి మళ్ళీ పిలిచారు. అధ్యక్షురాలి ముఖంలో జాలి ఉంది, కాగితంలో లేదు. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటున్నామంది. కాని కౌన్సిల్ పరీక్షలను మోసగించడంలో తన చెయ్యి ఉందని స్వయంగా ఒప్పుకున్న మనిషి చేతిలో ప్రజల ప్రాణాలు పెట్టలేమంది. బ్యాడ్జి ఈ క్షణం నుంచే రద్దు. కోర్టుకు వెళ్ళే హక్కు ఉంది, ఇరవై ఒక్క రోజుల గడువు. యజమాని సంగతి వేరే వ్యవహారం, అది ఈ రోజు ముందుకు రాలేదు. సంబంధిత అధికారులు పరిశీలించి కంపెనీకి ఉత్తరం రాస్తారు. ఆ ఉత్తరం వచ్చేలోపు ఆరు కార్లకూ కొత్త టైర్లు వేయించుకోవడానికి విద్యాసాగర్‌కు కావలసినంత వ్యవధి దొరికింది. మొగిలయ్య మెడలోంచి బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టాడు. దాని తాడు కూడా ఇచ్చేయాలా అని అడిగాడు. అక్కర్లేదన్నారు.

బయట వాన. మెట్ల కింద విద్యాసాగర్ టాక్సీల్లో ఒకటి ఇంజన్ ఆపకుండా ఎదురుచూస్తోంది. స్టీరింగ్ ముందు వీరాంజనేయులు. కడప జిల్లా కుర్రవాడు, ఈ కార్లు నడిపే మిగతా ఐదుగురిలో ఒకడు. పొద్దున ముగ్గురినీ తీసుకొచ్చింది అతనే.

విద్యాసాగర్ అరవలేదు. అరిచే రకం కాదు. గొడుగు విప్పి, బాలమణి తల మీద పట్టాడు.

“ఎంత పని చేశావయ్యా. సరే, అయిందేదో అయింది. రేపు వాళ్ళు పిలిచి అడిగితే, కంగారులో నోటికొచ్చింది వాగానని చెప్పు. మిగతా ఐదుగురి పొట్ట కొట్టకు. బాలమణిగారి నర్సింగ్ హోమ్ మేనేజర్ నాకు బాగా తెలిసినవాడే, ఆవిడ వర్క్ పర్మిట్ రెన్యూవల్‌కి కూడా నేనే మాట్లాడాలనుకుంటున్నాను. ఎక్కండి, ఇంటి దగ్గర దింపేస్తాం.”

ఆ మాటల్లో ఏది సాయమో, ఏది బెదిరింపో బాలమణికి విడదీసి చెప్పనక్కర్లేదు. ముందురోజు రాత్రి తొమ్మిది నుంచి నిలబడిన కాళ్ళు ఆమెవి. మొగుడి ముఖం చూడకుండానే వెనక డోరు హ్యాండిల్ మీద చెయ్యి వేసింది.

“ఎక్కకు బాలమణీ,” అన్నాడు మొగిలయ్య.

“ఇల్లు నాలుగు మైళ్ళున్నది. నేను నడవలేను,” అందామె. కోపంగా కాదు, ఉన్నమాటగా.

“నాకెరికే. అయినా వద్దు.” విద్యాసాగర్ వైపు తిరిగాడు. “మేము ఎక్కం సార్.”

అతను జీవితంలో ఒక పెద్దమనిషితో ఇట్లా అనడం అదే మొదలు. బాలమణి హ్యాండిల్ వదిలేసి, గొడుగు కింది నుంచి పక్కకు జరిగింది. విద్యాసాగర్ భుజాలు ఎగరేసి గొడుగు ముడిచి, వెనక సీట్లో కూర్చుని డోరు వేసుకున్నాడు.

మొగిలయ్య డ్రైవర్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వీరాంజనేయులు అద్దం సగం దించాడు.

“వీరాంజనేయులూ, నువ్వు సుత దిగు.”

“అన్నా, నాకు ఇద్దరు పిల్లోల్లు. ఈ వారం బాడుగ గూడా కట్టలా.” అతను మొగిలయ్య వైపు చూడలేకపోయాడు.

“నాకు దెల్వదా. టైర్లు నేనే బిగించిన గద. ఈ వానల దీన్ని నడపకు. దిగు.”

“బండి పోనీయ్,” అన్నాడు విద్యాసాగర్ వెనక నుంచి.

వీరాంజనేయులు గేరు మీద చెయ్యి వేశాడు. మొగిలయ్య కిటికీ అంచు మీది చెయ్యి తీయలేదు. వైపర్లు తిరుగుతున్నాయి, ఇంజన్ మోగుతోంది. వీరాంజనేయులు గేరు వెయ్యనూ లేదు, చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు.

“నీకే చెప్పేది, పోనీయ్,” అన్నాడు విద్యాసాగర్ మళ్ళీ.