త్రిపురసుందరమ్మ దంతధావనము

కార్తికమాసపు ఆదివార మొకటి తెల్లవారుచుండెను. రాత్రియెల్ల గోదావరిని దుప్పటివలె కప్పియుండిన పొగమంచు తూర్పున నెరుపెక్కుట చూచి యొక్కొక్క మడతగా ముడుచుకొని లంకలవైపునకు తొలగిపోవుచుండెను. తులసికోటలయొద్ద బ్రాహ్మీముహూర్తమున వెలిగింపబడిన దీపములు చమురింకి కొండెక్కుచు సన్నని పొగతీగెలను విడుచుచుండెను. గేటుల కమ్ములకు పాలసంచులు వ్రేలాడ కుళాయిల క్రింద బిందెలు గలగల నిండ రాజమహేంద్రవరపు తూర్పుకొసనున్న వేణుగోపాలనగరమందలి యైదు గృహముల వంటయిండ్లనుండి చింతపండుపులుసు వాసన యేకకాలమున బయలువెడలి వీధినంతయు నొక్కటే వంటశాలగ చేయుచుండెను.

అయిదిండ్లలో నొకేనాడు పులుసుడుకుటకు కారణము లేకపోలేదు. ఆ నగరమందలి మహిళామండలి యేటేట కడియపు దాపున నొక మామిడితోటలో సకుటుంబముగ వనభోజనము జరుపుటయు భోజనమునకు ముందు పులిహోర పోటీ పెట్టుటయు నాచారము. గెలిచిన యిల్లాలికి వెండి కుంకుమభరిణె బహుమానము. ఆ పోటీకి న్యాయనిర్ణేత్రి త్రిపురసుందరమ్మ. నీటిపారుదలశాఖలో నాలుగు పదుల సంవత్సరములు నీటికంటె కాగితమునే యెక్కువగ పారించి విశ్రాంతుడైన భీమశంకరముగారి ధర్మపత్ని. మెతుకు నాలుకపై పడిన తోడనే నూనె నువ్వులదో వేరుశెనగదో చెప్పుట యట్లుండనిండు, పోపులో ఆవాలు ముందు చిటపటలాడెనో మినపపప్పు ముందు పడెనో కూడ చెప్పగల సూక్ష్మజిహ్వ యామెది. ఏడేండ్లుగా ఆ తీర్పునకు అప్పీలు లేదు. అట్టి గౌరవమును కాపాడుకొనుటకై పోటీనాడు పోటీదారులు తన గుమ్మము త్రొక్కరాదనియు తాను వారి గుమ్మము త్రొక్కరాదనియు ఆమెయే స్వహస్తమున నియమము వ్రాసి మండలి పుస్తకములో సంతకము చేసియుండెను.

అన్ని విధముల నియమశీలయైన యా యిల్లాలి కొక్క యలవాటు మాత్రము కలదు. స్నానాలగదిలో అద్దము ముందర గోడవైపు తిరిగి పండ్లు తోముకొనుట ఆమె దృష్టిలో ఖైదీల పని. నోట బ్రష్షు నుంచుకొని పెరడెల్ల కలియదిరుగుచు కరివేపచెట్టునకు చీడపట్టినదేమో చూచుచు, పనిమనిషి యడుగుల చప్పుడునకు చెవియొగ్గుచు, నురుగు తొలగింపకయే ముగ్గురికి మూడుత్తరువులు జారీచేయుచు అర్ధఘటిక పాటు సాగునదే ఆమెకు దంతధావనము. ఆ నురుగుభాష ఇంటిల్లిపాదికి బోధపడుచుండెను. బోధపడనట్లు నటించినవారికి కాఫీ యాలస్యమగుచుండెను.

ఆనాడట్లే తిరుగుచు ఆమె పడమటి ప్రహరీగోడను సమీపించినంతనే పాదములు తమంతట తామే నిలిచిపోయెను. గోడ కావల చూడామణి యిల్లు. ఆ పిల్ల ఆరునెలల క్రిందట బ్యాంకుద్యోగి యగు భర్త వెంట గుడివాడనుండి వచ్చినది. పిలిచిన పలుకును, పిలువనిచో తలుపు వేసికొనును. పోటీకి దిగుట ఇదే మొదలు. ఆ వంటయింటి కిటికీనుండి వచ్చు వాసనలో పచ్చి ఆవపిండిని త్రిపురసుందరమ్మ నాసిక ఆనవాలు పట్టెను. ఇంగువను పట్టెను. వీని నడుమ మూడవ పరిమళ మొకటి సన్నగా తీగసాగి వచ్చి చేతికందినట్లే యంది జారిపోవుచుండెను. ఏడేండ్ల న్యాయపీఠమున ఎరుగని వాసన!

వెనుకకు మరలుటయే ధర్మమని ఆమె యెరుగును. కాని నియమము గుమ్మమును గూర్చి చెప్పినదే గాని గోడను గూర్చి యేమియు చెప్పలేదని ఆమెలోని పట్టభద్రురాలు వాదించెను. ఆ వాదము ముగియకముందే ఆమెలోని గృహిణి బట్టలుతుకు బక్కెట్టును బోర్లించి దానిపై నెక్కి మునివ్రేళ్లపై నిక్కి గోడమీదుగా మెడసాచెను.

సబ్బునీటి తడి యారని బక్కెట్టది. అది నియమనిబంధనలను చదువలేదు. సర్రున జారెను. త్రిపురసుందరమ్మ క్రిందికి వచ్చుచుండగా నోటనున్న బ్రష్షు పిడి గోడయంచున తగిలి, పైకి పోవుటకు దారిలేక లోనికే దూరి, ఎడమ కొసపంటి మీది చిగురును శూలమువలె పొడిచి, ఆ విసురుననే నోటినుండి తప్పించుకొని గోడ కావలికి ఎగిరి పడెను. ఆ క్షణమున ఆ యిల్లాలి కన్నులలో కార్తికదీపములన్నియు నొక్కుమ్మడిగ వెలిగెను. కేకవేయుటకు వీలులేదు. వేసిన చూడామణి వచ్చును. కావున ఆమె తులసికోటను కౌగిలించుకొని నిశ్శబ్దముగ మూడుమార్లు గెంతెను.

"ఏమే! ఆ చప్పుడేమి?" యని వార్తాపత్రిక వెనుకనుండి భీమశంకరము పలికెను.

"బక్కెట్టండీ."

"పగిలినదా?"

"అది బాగుగనే యున్నది."

"మరి నీ మూతి యేమట్లు వంకరపోయినది?"

"మీకు కాఫీ యిచ్చునపుడు సరియగును లెండు."

ఉప్పునీటితో పుక్కిలించిన తరువాత ఉప్పనగా నేమో ఆమెకు నూతనముగ బోధపడెను. ఎడమదవడ లోపల శనగగింజంత పొంగు లేచెను. నాలుక దానిని తాకుటయు, తాకినందులకు ఏడ్చుటయు, మరల తాకుటయు చేయుచుండెను. అయినను త్రిపురసుందరమ్మ జరీచీర కట్టి పెద్దబొట్టు పెట్టి అద్దమున తన్నుతాను చూచుకొని, నమలుట కుడివైపుననే జరుగవలెనని నోటికొక యుత్తరువు జారీచేసి బస్సెక్కెను. పోయిన బ్రష్షును గూర్చి మాత్రము దారిపొడుగున ఒక చింత ఆమెను విడువదాయెను. అది గోడ కావల నెచ్చట పడెనో!

తోటలో ఎండ మామిడాకుల సందులనుండి జారి చాపలపై చిల్లరగా పడియుండెను. మధ్యబల్లపై అరటియాకులు కప్పిన పళ్లెము లైదు. ఒక్కొక్కదానిపై అంకె వేసిన చీటియే గాని పేరు లేదు. వండిన గిన్నెలు దూరముగ చెట్టుక్రింద మూతలు వేసికొని కూర్చుండెను. మండలి కార్యదర్శిని శేషారత్నమ్మ కుంకుమభరిణెను చేత నుంచుకొని, అది తన చేతినుండి తన చేతికే వచ్చునని నమ్మిన దానివలె బల్లప్రక్కన నిలిచియుండెను. చూడామణి అందరి వెనుక ఒక సంచి నొడిలో పెట్టుకొని చాప కొసన ముడుచుకొని కూర్చుండెను.

త్రిపురసుందరమ్మ మొదటి పళ్లెముపై నాకు తొలగించి ముద్ద యెత్తి కుడివైపుననే నిలిపెను. కాని నోటికిచ్చిన యుత్తరువులు ఉద్యోగులకిచ్చినవానివంటివే. ఏడేండ్ల యభ్యాసము చొప్పున నాలుక ముద్దను నోరెల్ల త్రిప్పెను. చింతపండును పచ్చిమిరపయు మీదుమిక్కిలి ఉప్పును చేయిచేయి కలుపుకొని పుండుపై దుమికెను. న్యాయనిర్ణేత్రి కన్నులు మూతపడెను. రెండు పెద్ద కన్నీటిబొట్లు కనుకొలకులనుండి వెడలి చెక్కిళ్లపై మెల్లగా జారి పళ్లెము ప్రక్కన టపటప రాలెను.

తోటయంతట ఒక్కుమ్మడిగ చప్పట్లు మ్రోగెను. "ఏడేండ్లలో ఆమె కంట నీరు చూచితిమా!" యని యొకరు, "ముద్దకే ఆనందబాష్పములు!" అని యొకరు పలుకుచుండగా శేషారత్నమ్మ ఆగలేక, "ఒకటవ అంకె నాదే! ఇక తక్కిన పళ్లెములతో పనియేమి?" యని భరిణెను తన పమిటతో తుడువసాగెను. చాప కొసన చూడామణి తల వంచుకొనెను.

ఆ వంచిన తలను త్రిపురసుందరమ్మ చూచెను. ఊరకుండిన చాలును. కన్నీటికి తోటయంతయు నర్థము చెప్పి ముగించినది. నోరు విప్పినచో పుండు బయటపడును, పుండువెంట బ్రష్షు, బ్రష్షువెంట బక్కెట్టు, బక్కెట్టువెంట గోడ. ఏడేండ్ల పేరు ఆ గోడమీదనుండియే జారును. పంటినొప్పి యని చెప్పవచ్చునా యని యొక్క యూపిరి పట్టునంతసేపు ఆలోచించి, ఆ మాట తన నోటనే చేదుగ తోచుటచే ఆమె మెడ నిటారుగ నిలిపెను.

"శేషారత్నమ్మగారూ! ఆ భరిణె నొక్కసారి బల్లపై పెట్టుడు. అవి ఆనందబాష్పములు కావు. మీ పులిహోరలో ఉప్పు ఒక గుప్పెడు మిక్కిలి. అది నా పుండుపై పడినది."

"పుండా? ఎక్కడి పుండు?"

"నోటిలోనిది. ఉదయమున బ్రష్షు గ్రుచ్చుకొన్నది."

"పసిపిల్లవా తల్లీ, బ్రష్షు గ్రుచ్చుకొనుటకు!"

"బక్కెట్టుపైనుండి జారితిని."

"పండ్లు తోముకొనుటకు బక్కెట్టెందు కెక్కితివి?"

"గోడ యెత్తుగా నున్నది గనుక."

"గోడ కావల నేమున్నది?"

త్రిపురసుందరమ్మ తీర్పు చదువు కంఠముననే పలికెను. "చూడామణి వంటయిల్లు. పోటీవంట వాసన చూచుటకు తొంగితిని. నియమము వ్రాసినదియు నేనే, దాటినదియు నేనే. కావున నేడు ఈ బల్లయొద్ద తీర్పు చెప్పుటకు నే ననర్హురాలను."

ఎవరు ముందు నవ్వవలెనో తెలియక తోట యంతయు చూచుచుండగా చాప కొసనుండి చూడామణి లేచెను. సంచిలో చేయి పెట్టి అరటియాకు ముక్కలో చుట్టిన యొక వస్తువును వెలికితీసి రెండుచేతుల నందించెను. ఆకు విప్పగా అందు ఆకుపచ్చ పిడిగల బ్రష్షు.

"పిన్నిగారూ, ఇది మీదే కదండీ? తెల్లవారినపుడు మా తోటకూరమడిలో పడినది."

నవ్వు మామిడికొమ్మలవరకు లేచెను. భీమశంకరముగారి కండువా భుజమునుండి జారినను ఆయన యెరుగడాయెను. అందరికంటె చివర త్రిపురసుందరమ్మ నవ్వి, నవ్వినందులకు దవడ పట్టుకొని, "ఎరిగియుండియు అప్పుడే తెచ్చి యీయక పోతివేమమ్మా?" యని యడిగెను.

"పోటీనాడు మీ గుమ్మము త్రొక్కరాదని మీరే కదండీ వ్రాసితిరి!"

ఆ మాటకు ఎదురుచెప్పు పట్టభద్రురాలు ఆనాడు త్రిపురసుందరమ్మలో మిగులలేదు.

తీర్పు భోక్తలకు వదలిపెట్టబడెను. అయిదు గిన్నెల మూతలు తీసి విస్తళ్లలో వడ్డింపగా ఏ గిన్నె యడుగున ముందు గరిటె చప్పుడగునో అదియే గెలిచినట్లని నిశ్చయింపబడెను. గరిటె చూడామణి గిన్నెలోనే ముందు మ్రోగెను. అందుకు మూడవమారు వడ్డించుకొన్నవాడు శేషారత్నమ్మ పెనిమిటియే యగుటచే ఆక్షేపణకు తావు లేకపోయెను. ఆ పిల్ల భరిణె నందుకొని కన్నుల కద్దుకొనెను. ఇరుగుపొరుగువారు పేరుపెట్టి పిలిచి తమ పంక్తిలో కూర్చుండ చోటిచ్చుట ఆమెకు ఆరునెలలలో నదియే మొదలు.

అందరి విస్తళ్లలో పసిమిమెతుకులు మెరయుచుండ త్రిపురసుందరమ్మ ఖాళీవిస్తరి ముందర గంభీరముగ కూర్చుండెను. ఏడేండ్ల మేటి వంటకము చేతికందు దూరముననే యుండియు నోటికి దూరమాయెను. అపుడు చూడామణి ప్రక్కన చతికిలబడి చిన్న స్టీలుడబ్బా నొకదానిని విస్తరిలో నుంచెను. లోపల మెత్తగా కలిపిన పెరుగన్నము.

"బ్రష్షు కుంచెపై రక్తము చూచితినండీ. ఇందులో ఉప్పు వేయలేదు. మిరప వేయలేదు. ఎడమవైపునకు పోయినను భయము లేదు."

త్రిపురసుందరమ్మ డబ్బాను చూచుచు, "ఆ మూడవ వాసన యేమమ్మా?" యని మెల్లగా నడిగెను. అంత జరిగినను నాసిక పట్టు విడువలేదు.

"దబ్బచెట్టు ఆకులండీ. అన్నము వేడిమీద నుండగానే కప్పవలెను. రేపు గుమ్మమునుండి రండు, చూపెదను. బక్కెట్టు తేనక్కరలేదు."

ఆమె ముద్ద కలిపి నోట నుంచెను. అది చల్లగా పుండు ప్రక్కనుండి దానిని నొప్పింపక జారిపోయెను. ఎదుటి పంక్తినుండి భీమశంకరము భార్య మొగము చూచి విస్తరి విడిచి సగము లేచెను.

"ఏమే! మరల కన్నీరేమి? ఉప్పు తగిలినదా?"

త్రిపురసుందరమ్మ పమిటకొంగుతో కన్నులొత్తుకొని రెండవ ముద్ద కలుపుచు చెప్పెను.

"ఇందులో ఉప్పు లేదండీ."