అరువు ఉపన్యాసం

ఒక దేశం తాను చేరిన దేశాల కూటమిలోంచి బయటికి రావాలా, వద్దా? పాల్వంచ కాలేజీలో శనివారం జరగబోయే వక్తృత్వ పోటీకి ఇదీ విషయం. సారపాకలోని తమ ఇంటి వరండాలో అటూ ఇటూ తిరుగుతూ సైమా వారం రోజులుగా "రావాలి" అని బట్టీ పడుతోంది. మన చట్టాలు ఎక్కడో కూర్చున్నవాళ్లు చేయడమేమిటి, మన కష్టార్జితం పదిమంది పంచుకోవడమేమిటి అని ఆ పిల్ల గొంతెత్తితే, వాళ్ల నాన్న మన్సూర్‌కు ఒళ్లు పులకరించేది.

పులకరించదా మరి! మన్సూర్‌కున్నది ఒక్క లారీ. ఊళ్లోని కాగితం మిల్లుకు జామాయిలు కర్ర తోలుతాడు. లోడు కావాలంటే ఉమ్మడి లారీ సంఘంలో సీరియల్ నంబరు రావాలి. మిల్లు పక్కనే ఇల్లున్నా సరే, ఎక్కడో ఉన్న ఏన్కూరు లారీ నంబరు ముందుంటే ఆగాల్సిందే. సారపాక లారీల వాళ్లు ఏడుగురూ విడిపోదామని ఏడాదిగా అనుకోవడమే గానీ, గట్టిగా మాట్లాడే మొనగాడు ఒక్కడూ లేకపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆ ఏడుగురూ కూర్చున్నారు. మన్సూర్ లేచి కూతురి ఉపన్యాసం మొత్తం అప్పజెప్పేశాడు. దేశం అన్నచోటల్లా సారపాక అన్నాడు, కూటమి అన్నచోటల్లా సంఘం అన్నాడు, అంతే. నోట్లో నాలుక లేని మనిషి అట్లా దంచేసరికి అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. మొదట మనసొప్పని సమ్మయ్య కూడా చివరికి రాజీనామా కాగితం మీద సంతకం పెట్టాడు. సోమవారం దాన్ని సంఘానికి ఇవ్వాలి. మన్సూర్ రాజ్యం గెలిచొచ్చినంత సంబరంగా ఇంటికొచ్చాడు.

ఇంట్లో సైమా వేరే పాట అందుకుంది. కూటమిలో ఉండిపోవాలట! ఇదేం విడ్డూరమని అడిగితే, ఏ పక్షం మాట్లాడాలో రేపు చీటీ తీస్తేగానీ తెలియదు, అందుకే రెండూ నేర్చుకోవాలని చెప్పింది.

మన్సూర్ కూర్చుని విన్నాడు. ఆ పిల్ల ఇచ్చిన ఉదాహరణ లారీ సంఘమే. ఒకాయన కాలు విరిగి మూడు నెలలు మంచం పడితే, మిగతావాళ్లు వంతులు వేసుకుని ఆయన లారీ నడిపారనీ, ఒక్క నంబరూ పోనివ్వలేదనీ, ఎక్కువసార్లు వచ్చింది ఏన్కూరు భీమ్లాయేననీ చదివింది. కాలు విరిగినాయన పేరు చెప్పలేదు గానీ, ఆ కాలు మన్సూర్‌దే. ఎట్లా మరిచిపోయాడో అతనికే అర్థం కాలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఇంతకీ నీ మనసుల ఏముంది బిడ్డా?"

"ఇంకా తేల్చుకోలే అబ్బాజాన్. రెండు దిక్కులా బలముంది. నువ్వు ఒక దిక్కే విన్నవ్."

తనొక్కడిదే అయితే ఆ కాగితం అప్పుడే చించి పారేసేవాడు. ఏడు సంతకాలున్నాయి దాని మీద, అందులో ఆరు తన మాట విని పెట్టినవి. మన్సూర్ కూతురి పక్కకు జరిగాడు.

"ఇది గూడ నేర్పు. ఆదివారం మళ్ల గా ఆరుగురి ముంగట నిలబడాలె."

"నవ్వుతరు అబ్బా."

"నవ్వనీ. రెండూ విన్నంక గూడ పోదామంటే, అప్పుడు పోదాం" అన్నాడు మన్సూర్.