ఆసు పోసిన చెయ్యి

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు యాభై దాటినాక వచ్చాయి, మనుమరాలు అఖిల పలక మీద. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే మీరే సర్దుకొని చదవండి. ఎడమ చేత్తో కూడబలుక్కుంటూ రాస్తున్నాను కాబట్టి ఆలస్యం కూడా అయింది.

స్కాన్‌కు హైదరాబాద్ పోయే ముందురోజు పొద్దంతా నేను ఆసు పోశాను. తిరిగొచ్చాక దారం లేక మగ్గం ఆగకూడదని రెండు చీరలకు సరిపడా పోసి పెట్టాను. ఆసు అంటే తెలియనివాళ్లకు చెప్తాను. ఒక పక్క ఒంటి మేకు, దానికెదురుగా వంపు తిరిగిన మేకుల వరుస ఉంటాయి. పట్టుదారాన్ని ఒంటి మేకు నుంచి ఒక్కొక్క మేకుకూ తిప్పుతూ పోవాలి. చెయ్యి భుజం నుంచి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఆ తర్వాతే ముడులు కట్టడం, రంగులద్దడం, నేయడం. మా గట్టుప్పల్‌లో మగ్గం మీద కూర్చున్నవాణ్ని నేతగాడు అంటారు. ఆసు పోసేదాన్ని ఏమీ అనరు. భుజం గుంజుతోందని నేనంటే మా ఆయన లింగస్వామి, "కూసొని చెయ్యి ఊపుడే గదా, గదేం పని?" అనేవాడు. కోపంగా కాదు, నవ్వుతూనే అనేవాడు. ఆయన పోయాక ఊళ్లో కొందరి ఇళ్లకు ఆసు పోసే మిషన్లు వచ్చాయి. మనమూ ఒకటి తెచ్చుకుందామని, ఇప్పుడు మగ్గం మీద కూర్చునే నా కొడుకు మహేశ్‌ను అడిగాను. "మనింట్ల నువ్వున్నవ్ గదనే అమ్మా, మిషనెందుకు?" అన్నాడు. అది నన్ను మెచ్చుకోవడమే అనుకున్నాను.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు కుడి చంకలో మళ్లీ గడ్డ తగిలింది. అది అక్కడికే ఆగి ఉంటే కోసి తీయవచ్చని, వేరేచోటికి పాకితే కోసినా లాభం లేదని, ఆ సంగతి పెట్ స్కాన్ తేలుస్తుందని డాక్టర్ చెప్పాడు. స్కాన్ సెంటర్ వాళ్లు మహేశ్‌కు ఫోన్ చేశారు. ఏం తినకూడదో అంతా విని నాకు చెప్పాడు.

అక్కడ సూది ఇచ్చే అమ్మాయి పేరు మెర్సీ. "నిన్న బరువు పనులేమన్నా చేసినవా అమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మహేశ్, "లేదు మేడం, ఇంట్లనే ఉంటది," అన్నాడు. నేనూ తలూపాను. బరువంటే బిందె, మూట అనుకున్నాను. దారానికి బరువేముంది?

మందులోని కిరణాలు బయటికి రాకుండా సూదికి సీసపు తొడుగు ఉంది. "గీ మందు చక్కెర లాంటిదమ్మా. ఒంట్ల ఏది ఎక్కువ పనిచేస్తే అది గుంజుకుంటది. గడ్డ మస్తు గుంజుకుంటది. జర సేపు కదలకు, మాట్లాడకు. నీ దగ్గరికి ఎవ్వరు రారు," అని చెప్పి మెర్సీ తలుపు వేసింది. ఎక్స్‌రేలో వెలుతురు బయటినుంచి వచ్చి మనలోంచి దూరిపోతుందట. ఇందులో మన ఒంట్లోంచే బయటికి వస్తుందట, మిషన్ దాన్ని పట్టుకుంటుందట. కనిపెట్టినవాళ్లు ఎవరో గానీ, మనిషి లోపల ఏది ఎంత పనిచేస్తోందో చూడాలని వాళ్లకు తోచింది. ఆపరేషన్ రోజులు తప్పిస్తే, పెళ్లయినాక పగటిపూట అట్లా ఊరికే పడుకోవడం నాకు అదే మొదలు. చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాయంత్రం డాక్టర్ బొమ్మ చూపించాడు. తెల్లటి తెర మీద బూడిదరంగు మనిషి. కుడి భుజం నుంచి మణికట్టు దాకా బొగ్గు పూసినట్టు నలుపు.

"ఏం పని చేయించిన్రయ్యా ఈమెతోని? ముందురోజు ఏ పని చేయించొద్దని ఫోన్‌ల చెప్పలేదా?"

"చెప్పిన్రు సార్. మా అమ్మ పనేం చెయ్యదు గదా అని ఆమెకు చెప్పలే."

మహేశ్ అబద్ధమాడలేదు. వాడికి నిజంగానే అంతే తెలుసు.

"మందంతా చేతి కండలకే పోయింది. చంకల ఏది గడ్డో, ఏది కండో తెలుస్తలేదు. మళ్లా తీయాలె," అన్నాడు డాక్టర్.

బస్సులో మహేశ్, "ఆసు పోసినా అని చెప్పొచ్చు గదా అమ్మా," అన్నాడు. "నేను పోస్తుంటే నువ్వు ఎదురుంగనే ఉన్నవ్ గద బిడ్డా," అన్నాను.

మళ్లీ తీయించడానికి వెంటనే పోలేదు. శ్రావణం పెళ్లిళ్ల చీరలు మగ్గం మీద ఉన్నాయి. "గివి దిగంగనే పోదాం," అన్నాడు, నేను సరే అన్నాను. అవి దిగాయి, ఇంకో ఆర్డర్ ఎక్కింది. చెయ్యి వాచి పైకి లేవడం మానేశాకే పోయాం. మెర్సీ అదే ప్రశ్న అడిగింది. ఈసారి నేనే చెప్పాను, "చేస్తలేను బిడ్డా. చెయ్యి లేస్తలేదు." బొమ్మ తేటగా వచ్చింది. చెయ్యి జాగాలో నలుపేమీ లేదు. వెన్నులో, కాలేయంలో నల్లటి చుక్కలున్నాయి. ఇక కోయడానికి లేదు.

మొదటి బొమ్మ నాకు కావాలన్నాను. పనికిరానిది ఎందుకంటూనే మెర్సీ కాగితం మీద తీసి ఇచ్చింది. ఇంటికి వచ్చేసరికి నేను కూర్చునే చోట కోడలు స్వర్ణలత ఆసు పోస్తోంది. బొమ్మ చేతికిచ్చాను.

"ఏంది అత్తమ్మా గిది?"

"నా చెయ్యి."

"గింత నల్లగనా?" అంటూ తన భుజాన్ని ఒకసారి తడుముకుంది. "చీకటి పడకముందే గీ చీరది అయిపోవాలె," అని మళ్లీ దారం అందుకుంది.

తర్వాత నన్ను ఎత్తి కూర్చోబెట్టడం, కడగడం, తినిపించడం కూడా ఆమె మీదే పడ్డాయి. ఒకరోజు పక్కింటి శోభ వచ్చి, "ఏం జేస్తున్నవే లతా ఈ నడుమ?" అని అడిగింది. నా గుడ్డలు పిండుతూ స్వర్ణలత, "ఏం లేదక్కా, ఇంట్లనే ఉంటున్న," అన్నది.

ఆ రోజే మహేశ్‌తో చెప్పాను, నన్ను నల్లగొండ దవాఖానలో చేర్పించమని.

"ఇంట్ల మనుషులుండంగ దవాఖానల ఉంటవా? ఊరోళ్లు ఏమంటరు? చూసుకోనీకి లత లేదా?"

"ఉన్నది. గందుకే పోతనంటున్న."

చివరికి చేర్పించాడు. ఇక్కడ నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టే సిస్టర్ గ్లోరీకి నెలనెలా జీతం వస్తుంది, సెలవూ ఉంటుంది. ఆమె సెలవు పెట్టిన రోజు నొప్పి కాస్త ఎక్కువే, అయినా నాకు మంచిగానే అనిపిస్తుంది. నేను వచ్చేశాక మిగిలిన పొద్దును ఏం చేసుకుంటున్నావని స్వర్ణలతను ఫోన్‌లో అడిగాను.

"ఇంకో చీరకు ఆసు పోస్తున్న అత్తమ్మా," అన్నది.

లక్ష్మీనర్సమ్మ, యాభై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది నల్లగొండ దవాఖానలో, నొప్పులు తగ్గించే వార్డు, కిటికీ పక్క మంచం.