తోక తేలని ఫోటో

నేను ఒక పొడుగు ముక్కు కెమెరాను. ముక్కంటే లెన్సే లెండి, మూరెడుంటుంది. మొదట మంచిర్యాలలో ఒక పత్రికా ఫోటోగ్రాఫర్ దగ్గర ఉండేదాన్ని. ఎప్పుడూ మొక్కలు నాటే సభలే: ఒక్క మొక్క, దాని చుట్టూ పదిమంది పెద్దమనుషుల చేతులు. నేను క్లిక్కుమనగానే ఆ మొక్కను ఎవరూ పట్టించుకునేవారు కాదు. అట్లాంటివి చూసీ చూసీ విసుగెత్తిపోయాక, నన్ను లైన్‌మన్ ఓదెలు కొనుక్కున్నాడు.

కరెంటు స్తంభాలెక్కే ఓదెలుకు పక్షుల పిచ్చి. కాకిరాళ్ల గుట్టమీద రాబందు ఒకటి మళ్లీ తిరుగుతోందని అతని నమ్మకం. ఆ గుట్టను కంకర క్వారీకి ఇవ్వబోతున్నారు. రాబందు ఉందని రుజువైతే ఆపుతామని అధికారి మాటిచ్చాడు. అంతే, ఓదెలు నన్ను మెడకు తగిలించుకుని ఎండల్లో పడ్డాడు.

ఆ పక్షేమో మబ్బుల దాకా పోయి ఎండకు అడ్డంగా తిరిగేది. నేనెంత ముక్కు సాచినా నల్లటి చుక్కే. హైదరాబాదు పక్షుల నిపుణులు ఫోటోలు పెద్దవి చేసి చూశారు. రెక్కలు వెడల్పే, తల చిన్నదే. తోక దగ్గరే పేచీ వచ్చింది. చీలిన తోకుంటే గద్ద, పొట్టిగా మొద్దుగా ఉంటే రాబందు. కానీ గద్ద కూడా తోక విప్పితే చీలిక కనబడదట. చెప్పలేం అన్నారు. ఓదెలు ఆ పూట అన్నం ముట్టలేదు.

గుట్ట కింద పశువులు మేపే జంగుబాయి అతని బాధ చూడలేకపోయింది.

"అన్నా, నా ముసలెద్దు పొద్దుగాల సచ్చింది. ఎనకట లెక్క గుట్ట కింద ఏస్త. నీ పిట్ట దానంతటదే దిగుతది."

నొప్పుల సూది వేసిన పశువును తింటే రాబందు బతకదని ఊరూరా తిరిగి చెప్పినవాడు ఓదెలు. ఎక్కడ పశువు చచ్చినా ముందుగా "సూది ఏసిన్రా?" అని అడిగేవాడు. ఆ రోజు మాత్రం అడగలేదు. సంబరంలో నా లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నాడు, పిచ్చి మారాజు.

మర్నాడు పక్షి దిగింది. బోడి మెడ, పొట్టి తోక. సాక్షాత్తు రాబందు! ఓదెలు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను ఆగకుండా క్లిక్కుమన్నాను.

"ఎట్ల తింటుందో సూడన్నా! పాపం, కాళ్లు నొస్తున్నయని ఎద్దుకు మస్తు సూదులిప్పిచ్చిన," అంది జంగుబాయి ముచ్చటగా.

ఓదెలు నన్ను బండమీద పడేసి అరుస్తూ పరుగెత్తాడు. రాళ్లు విసిరాడు. అప్పటికే కడుపు నిండిన పక్షి బరువుగా ఎగిరి గుట్టమీద వాలింది. ఏం లాభం?

క్వారీ ఆపే కాగితం మీద సంతకం పెట్టేముందు కళ్లారా చూడాలని అధికారి రెండ్రోజులకు వచ్చేసరికి అది రాళ్ల మధ్య మెడ వేలాడేసి పడి ఉంది. ఆయన నా ఫోటోలు చూశాడు, పక్షిని చూశాడు.

"రాబందే, ఒప్పుకుంటా. ఉన్నది ఒక్కటే, అదీ పాయె. ఇంక దేన్ని కాపాడమంటవయ్యా?"

జంగుబాయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇప్పుడు నేను బీరువా మీద ఉంటున్నాను. పగిలిన లెన్సులో బూజు పట్టింది. గుట్టమీద పేలుడు జరిగినప్పుడల్లా బీరువాతో పాటు నేనూ వణుకుతాను. తేటగా వచ్చిన ఫోటోలన్నీ ఓదెలు చెరిపేశాడు. నల్లటి చుక్క ఫోటో ఒక్కటే గోడకు తగిలించాడు. అదేం పక్షని ఇంటికొచ్చినవాళ్లు అడుగుతారు.

"గద్ద," అంటాడు.