మూడు గడుల చిట్టీ

వెంకట్రాం అన్న పోయిన మూడోనాడు పిట్టకు పెట్టారు. పిట్ట ముట్టలేదు.

ఆయన్ను కాల్చింది సొంత పొలంలోనే, మోటరు గదికి ఇవతల. అక్కడే ఆకు పరిచి బువ్వ, చేపల పులుసు, ఉడికిన గుడ్డు, రెండు సర్వపిండి ముక్కలు పెట్టారు. పక్కన కల్లు సీసా పెట్టారు. అందరం వెనక్కి వచ్చి గట్టు మీద నిలబడ్డాం. అప్పుడు పదయింది. పదకొండైనా ఆకు ఆకులాగే ఉంది. కాకులు లేక కాదు. రేగొండలో కాకులకు కరువా? పక్క చేను వేపచెట్టు మీద పది పన్నెండు కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. ఒకటి లేస్తుంది, ఆకు దాకా వస్తుంది, ఏమవుతుందో ఏమో గిరుక్కున తిరిగి వెళ్లిపోతుంది.

నేను ఆ ఇంటికి వరసకు ఏమీ కాను. జనగామ స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు నాది. చిన్నప్పుడు హాస్టల్లో వెంకట్రాం నాకు రెండేళ్లు సీనియర్. అప్పటి నుంచి అన్న అంటాను. కాబట్టి ఆయన భార్య సరోజన నాకు వదిన. ఇరవై ఏళ్లుగా పదిహేను రోజులకో ఆదివారం జనగామలో బస్సెక్కి, హనుమకొండలో మారి, పరకాల మీదుగా రేగొండలో దిగేవాణ్ణి. ఎందుకూ అంటే విమానాలాడటానికి. నలభై ఆరేళ్ల మనిషి ప్లాస్టిక్ విమానాలు సంచిలో వేసుకుని మూడు గంటలు ప్రయాణం చేస్తాడంటే మా ఇంట్లోనే నవ్వుతారు. నవ్వనీ.

మా షాపు పక్కన ఫ్యాన్సీ స్టోరులో అరవై రూపాయల ప్యాకెట్లు దొరుకుతాయి. విప్పితే వెండిరంగు ప్లాస్టిక్ ముక్కలు, అతికించుకుంటే అరచేతిలో పట్టే యుద్ధవిమానం. ప్యాకెట్ మీద ఒక విమానం ఉంటుంది, లోపల ఇంకొకటి ఉంటుంది. రెక్కలు మందం, తోక కురచ. హైదరాబాద్‌లో ఇట్లాంటివి ఖరీదైనవి తెప్పించుకుని అద్దాల బీరువాలో పెట్టుకునే పెద్దమనుషులున్నారు. ఒకాయనకు మా విమానం ఫోటో పంపితే, ముక్కు రెండు మిల్లీమీటర్లు పొడుగైంది, చక్రాలేవి అని అడిగాడు. మేం చక్రాలు పెట్టం. ఆటలో మా విమానాలు ఎప్పుడూ గాలిలోనే ఉంటాయి, కిందికి వచ్చేది కూలినప్పుడే. పైగా అవి చేతుల్లో నలగాలి, కిందపడాలి, విరగాలి. ఖరీదైన బొమ్మతో యుద్ధం చేయలేం, కాపలా కాయగలం అంతే.

పాత తలుపు చెక్క మీద నేను మా మిషన్లో తీసిన తేనెపట్టు గళ్ల కాగితం పరుస్తాం. సోడా మూతలో ఎంసీల్ నింపి, సైకిల్ పుల్ల గుచ్చి, దాని కొసన విమానం నిలబెడతాం. పుల్లకు సైకిల్ ట్యూబు కోసిన రింగులు తొడుగుతాం, ఒక్కో రింగు వెయ్యి అడుగుల ఎత్తు. తరవాత చిట్టీలు. ప్రతి వంతుకూ ఒక్కొక్కరం ఒక్కో చిట్టీ మీద మూడు గడులు గీసి, గడికో కదలిక రాయాలి. ముందుకు, ఎడమకు, కుడికి, పైకి, కిందికి. మడిచి స్టీలు గ్లాసు కింద పెట్టాలి. ఇద్దరం రాశాకే ఇద్దరివీ ఒకేసారి విప్పాలి. రాసినట్టు కదిపాక ఎదుటి విమానం వెనకకు చేరినవాడు పాచికలు వేసి దాన్ని కాల్చాలి. మూడు గడుల్లో ఒక్కటి ఖాళీ ఉన్నా ఆ విమానం కూలినట్టే. ఆ చివరి రూలు అన్న తెచ్చిందే. నేను రాయడానికి తెగ నాన్చుతానని పెట్టాడు.

పోయిన ఆదివారం నాకు రెండు విమానాలు పోయాయి. పాచికలు ఒక్కటీ సరిగా పడలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను పాచికల్ని తిట్టాను, బల్ల వంకరగా ఉందన్నాను. చెరొక విమానం మిగిలింది. వదిన అదే గదిలో చాప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. అన్న తన చిట్టీ రాయడానికి ఎప్పుడూ లేనంత సేపు తీసుకున్నాడు. మడిచి గ్లాసు కింద పెట్టాడు.

"ఊఁ, నువ్వు రాయి," అన్నాడు.

"బస్సు పోతది అన్నా. వచ్చే తాప చూద్దాం."

"ఒక్క ముక్కనే గద మధూ. రాసి, ఇప్పి చూసి పో."

"వద్దన్న గద."

బస్సు ఐదున్నరకు. అప్పటికి ఐదు. ఇల్లు పొలాన్ని ఆనుకునే ఉంటుంది, మోటరు గది దాటితే రోడ్డే. నాకు ఓడిపోవడం ఇష్టం లేదు, అంతే. సంచి తీసుకుని వచ్చేశాను. ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. సోమవారం తెల్లవారుజామున మోటరు వేయడానికి వెళ్లి స్టార్టరు దగ్గరే కూలబడిపోయాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు. యాభై కూడా నిండలేదు.

ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు ఏమీ అనిపించడం లేదు. చితి దగ్గర అందరూ ఏడ్చారు, నేను నిలబడ్డాను. మధ్యలో ఒకరోజు జనగామ వెళ్లి షాపు తెరిచి ఎవరిదో పాస్‌బుక్ నాలుగు కాపీలు తీసిచ్చాను. ఒళ్లు తిమ్మిరెక్కినట్టుంది, గిల్లితే తెలుస్తుంది కానీ నొప్పి లేదు. ఈ మనిషికి గుండె లేదని ఎవరైనా అనుకుంటారేమోనని మాత్రం భయంగా ఉంది.

పదకొండున్నరకు ఓదెమ్మ ముందుకొచ్చింది. అన్నకు మేనత్త. డెబ్బై ఏళ్ల పైనే ఉంటాయి, ఇట్లాంటి పనులన్నీ ఆమె చెప్పినట్టే జరుగుతాయి.

"వానికేదో కోరిక మిగిలింది. గందుకే పిట్ట ముడుతలేదు. ఒక్కొక్కలు మాటియ్యున్రి," అంది.

అన్న కూతురు స్పందన చేతులు జోడించింది. "బాపూ, నేను చదువు ఆపను. అమ్మను మంచిగ చూసుకుంట."

కాకి వచ్చింది, తిరిగింది, పోయింది.

పక్క పొలం పాలాయన, అన్నకు దాయాది, గొంతు సవరించుకున్నాడు. "తమ్మీ, గట్టు మీద ఇగ నాగలి పెట్ట. సత్తెం." పదేళ్లుగా ఏడాదికి జానెడు చొప్పున గట్టు జరుపుకొచ్చిన మనిషి. కాకి ఆయన్నూ నమ్మలేదు.

అప్పుడు వదిన ముందుకు వచ్చింది. మూడు రోజుల్లో సగమైంది ఆమె.

"నా మీదనే నీ కోపం. నాకెరికే," అంది. "ముసలితనంల గీ బొమ్మలేందని నలుగురి ముంగట తిట్టిన. ఇగ అన. నీ ఇమానాలు ఒక్కటి గూడ పారెయ్య. జర ముట్టు. నీ కాళ్లు మొక్కుత, ముట్టు."

అందరూ చెట్టు వైపు చూశారు. ఒక కాకి లేచింది. ఆకు దాకా వచ్చి, రెక్కలు తటతట కొట్టుకుని వెనక్కి పోయింది. వదిన అక్కడే కూలబడింది. "నా చేతి బువ్వ ముట్టడిగ," అంది నేలనే చూస్తూ. స్పందన పట్టుకుని లేపబోయినా లేవలేదు. ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. పిట్ట ముట్టకుండా ఇంటికి తిరిగొస్తే ఆ మాట ఆమెను బతికినన్నాళ్లూ వదలదని నాకు తెలుసు. రేగొండలో ఇట్లాంటివి ఎవరూ మరిచిపోరు.

అప్పుడు చూశాను. చితికి ఐదారు బారల దూరంలో మక్క చేను మొదలవుతుంది. చేని అంచున రెండు గుంజలకు తీగ కట్టి ఉంది. ఆ తీగకు నైలాన్ దారాలతో మా విమానాలు వేలాడుతున్నాయి. ఏడు. రెక్క విరిగినవి, తోక ఊడినవి. గాలికి గిర్రున తిరిగి ఎండకు తళుక్కుమంటున్నాయి. కాకి వాటిని చూసి బెదిరినప్పుడల్లా మేం ఒక్కో ప్రమాణం చేస్తున్నాం.

పదిహేను రోజుల కింద వదినే కట్టింది వాటిని. చిలకలు, కాకులు కంకులు పొడుస్తున్నాయని, కూలిన విమానాలు ఇయ్యమని అన్నను అడిగింది. నేను మూతి ముడిచాను. అన్న మాత్రం, "మన వైమానిక దళానికి గిప్పటికి ఒక్క పని దొరికింది," అని నవ్వి దారాలు ముడేసి ఇచ్చాడు. కట్టిన రోజే పిట్టలు పోయాయట. ఊరంతా చెప్పుకుంది వదిన.

ఇప్పుడు ఈ మాట పైకి అనొచ్చు. అంటే ఏమవుతుంది? అన్నకు కోపమేమీ లేదని తేలుతుంది, నిజమే. కానీ మొగుడి చివరి ముద్దకు పెళ్లామే అడ్డం కట్టిందని ఊరు అంటుంది. అట్లా అనే నోళ్లు నాలుగు ఆ గట్టు మీదే ఉన్నాయి. నేను నీళ్లు తాగొస్తానని చెప్పి, మోటరు గది వెనక నుంచి మక్క చేనులోకి దూరాను. కంకులు మొహానికి కొట్టుకున్నాయి. వంగి, గుంజ దాకా వెళ్లి తీగ ముడి విప్పాను. విమానాలు ఒక్కటొక్కటే కిందికి జారాయి. ఏడింటినీ తువ్వాలలో చుట్టుకుని అక్కడే కూర్చున్నాను.

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. గట్టు మీద ఒక్కసారిగా కేక లేచింది. నేను బయటికి వచ్చేసరికి ఆకు మీద మూడు కాకులున్నాయి. ఒకటి గుడ్డు ఎత్తుకుపోతోంది.

"సూసినవా బిడ్డా? నీ మాట కోసమే ఆగిండు వాడు," అని ఓదెమ్మ వదినను దగ్గరికి తీసుకుంది. వదిన భోరున ఏడ్చింది. మూడు రోజుల్లో అట్లా ఏడవడం అదే మొదలని స్పందన చెప్పింది. నేను తువ్వాల మూట చంకలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఒక పని అయిపోయిందనిపించింది. అంతకు మించి ఏమీ లేదు.

స్నానాలు, తిండ్లు అయ్యేసరికి నాలుగు దాటింది. బస్సుకు ఇంకా టైముందని మేం ఆడుకునే గదిలోకి వెళ్లాను. తలుపు చెక్క, గళ్ల కాగితం, నడుమ దగ్గర దగ్గరగా చెరో విమానం. స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. మిరపకాయల ఘాటు ఇంకా పోలేదు.

వదిన చాయ్ తెచ్చి బల్ల చివర పెట్టింది.

"గా చిట్టీ చూడకుంటనే పోయినవు ఆనాడు," అంది గ్లాసు వైపు చూపించి. "ఏం రాసిండో చూడు. నేను ముట్టలే. మీ ఆట నాకేం తెలుస్తది."

రూలు రూలే. ముందు నేను చిట్టీ తీసుకుని మూడు గడులు గీశాను. ముందుకు, ముందుకు, పైకి అని రాసి మడిచాను. అప్పుడు గ్లాసు ఎత్తి రెండూ విప్పాను.

అన్న చిట్టీలో మూడు గడులున్నాయి. మూడూ ఖాళీ. వాటి కింద చిన్న అక్షరాలతో రాసి ఉంది.

"మధూ, ఇయ్యాల ఉండు. పొద్దటి సంది ఛాతి పట్టేస్తున్నది. తెల్లారి దవాఖానకు పోదాం. వదిన ఈడనే ఉన్నది, చెప్పకు. పరేషానయితది."

రెండోసారి చదివాను. మూడోసారి అక్షరాలు కనిపించాయి కానీ చదవలేదు. ఆదివారం ఆయన రాస్తున్నంత సేపూ నేను గడియారం వైపు చూస్తున్నాను. విప్పి చూసి పో అన్నాడు. అరగంట ఉంది నాకు.

"ఏం రాసిండు?" అంది వదిన.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఎడమకు, ఎడమకు, పైకి."

"అంటే?"

"అంటే నా ఎనకకు వచ్చిండు."

ఖాళీ గడుల విమానం రూలు ప్రకారం కూలిపోవాలి. నేను అన్న విమానాన్ని రెండు గళ్లు ఎడమకు తిప్పి, పుల్లకు ఇంకో రింగు తొడిగి, నా విమానం తోక వెనక నిలబెట్టాను. పాచికలు వేయలేదు. నా విమానాన్ని తీసి బల్ల మీద పక్కకు పడుకోబెట్టాను. మోచేయి తగిలి చాయ్ ఒలికింది.

"అయితే ఎవలు గెలిచిన్రు?"

"అన్ననే."

మూడు రోజుల తరవాత ఆమె మొహంలో నవ్వులాంటిది కనిపించింది. కొంగుతో బల్ల మీద చాయ్ తుడిచి, గోడ గడియారం వైపు చూసింది.

"ఐదైతున్నది మధుకర్. నీ బస్సు పోతది. లే మరి."

నేను కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాను.

"ఇయ్యాల ఉంట వదినా," అన్నాను.